ఆగింది, రా

ఎక్కడ నిలబడేవాడా? ఎవరు? గట్టిగా అడుగు పిల్లా, ఆ చెవి పనిచెయ్యదు, ఇటు వచ్చి చెప్పు. ఓ, మీ తాతా. రంపం నడిపేటప్పుడు ఎక్కడ నిలబడేవాడనా. ఎక్కడ నిలబడతాడు, పక్కకి నిలబడేవాడు. బ్లేడుకి ఎదురుగా మాత్రం చచ్చినా నిలబడేవాడు కాదు. ఇదిగో, నా చేతికర్ర ఆనించాను చూడు, ఇక్కడ ఒక కాలు, ఇక్కడ ఇంకో కాలు, ఒళ్ళంతా బ్లేడు వరసకి ఎడంగా. ఆ ప్లగ్గు పీకే ఉందా? చూసి చెప్పు. చూడకుండా ఉందిలే ఉందిలే అనకు, మీ తాత దగ్గర ఆ మాట చెల్లేది కాదు. స్విచ్చి ఆపాను అంటే 'వైరు చూపించు' అనేవాడు. పీకిన వైరు కొస కళ్ళెదురుగా బల్ల మీద కనబడితే తప్ప బ్లేడు జోలికి పోయేవాడు కాదు. పెట్టావా? మంచిది. నీ పని నువ్వు కానీ, నేనిలా స్టూలు మీద కూచుని మాట్లాడతాను. కూచోలేకపోతున్నాను అసలు, అదో బాధ. మీ అమ్మ వంటింట్లో ఏం చేస్తోంది? కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతోందా? పొద్దుట్నుంచీ అదే వరస, కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ. పాతసామాన్ల బండివాడికి చెప్పేసిందిగా, సాయంత్రం వచ్చి ఈ రంపం బల్లని పట్టుకుపొమ్మని. నాతో అనలేదు. నిన్న ఫోనులో చెబుతుంటే దాని పెదాలు చూసి తెలుసుకున్నాను. చెవులు పోయాక నాకు కళ్ళు ముదిరాయి. నువ్వేమో కొత్త మోటారు బిగించావు, కొత్త బ్లేడు తెచ్చావు, ఇన్నేళ్ళ దుమ్ము దులిపావు. అదేమో సాయంత్రానికి ఇనుప సామాన్ల బండి ఎక్కాలంటోంది. ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడరు, మధ్యలో ముసల్దాన్ని కూచోబెట్టారు.

ఏం, తాత గురించి మీ అమ్మ చెప్పలేదా నీకు? చెప్పదులే. నాకు మరిది కదా, మా ఆయనకి స్వయానా తమ్ముడు. ఈ షెడ్డు అన్నదమ్ములిద్దరిదీ. తమ్ముడు కోసేవాడు, అన్న చిత్రిక పట్టి బిగించేవాడు. వీధిలో మీ తాత పేరు ఎవరికీ తెలీదు, 'పక్కకి మేస్త్రి' అంటేనే తెలుసు. పొద్దస్తమానం అదే మాట మరి. 'పక్కకండీ. పక్కకి బాబూ. అయ్యా, మీరు పెద్దవారు, కాస్త పక్కకి.' మీ అమ్మమ్మని మొదటిసారి చూసినప్పుడూ అదే. ఆవిడ కిటికీ రెక్క చేయించుకుందామని ఆసుపత్రి డ్యూటీ దిగి అలాగే వచ్చింది. తలుపులో నిలబడి నవ్వింది పాపం. ఇతను తలెత్తి, 'పక్కకండీ' అన్నాడు. 'ఏం, నా మొహం అంత బాగాలేదా?' అంది. 'బాగుంది కాబట్టే పక్కకి' అన్నాడు. అంతే. అంతకన్నా ప్రేమ మాట ఆ నోట్లోంచి మళ్ళీ వినలేదని ఆవిడ చివరిదాకా వేళాకోళం చేసేది. హాల్లో ఫొటో చూశావుగా, ఈ షెడ్డు తెరిచిన రోజుది? ఆ ఫొటో చూసి అందరూ నవ్వుతారు. మనుషులమంతా ఒక పక్కకి కుప్పబడి ఉంటాం, మధ్యలో ఈ బల్ల, అవతలంతా ఖాళీ. ఫొటోగ్రాఫరు మొత్తుకున్నాడు, 'మేస్త్రీ, మెషీను వెనకాల నడిమధ్యన నిలబడండి, దర్జాగా ఉంటుంది' అని. మా ఆయన కూడా 'కరెంటు లేదు కదరా, నిలబడితే ఏం పోయింది' అన్నాడు. 'ఒంటికి అలవాటు కాకూడదన్నయ్యా' అన్నాడు మీ తాత. ఒంటికి అలవాటు కాకూడదట. చాదస్తం అనుకునేదాన్ని. నేను పెనం మీద మూత తీసినా ఇప్పటికీ పక్కకి నిలబడే తీస్తాను, తెలుసా.

ఏం కొలుస్తున్నావు? చెక్క ఆనించి తోసే ఆ గైడా? దానితోనే సగం పొద్దు గడిపేవాడు. బ్లేడుకి ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టేవాడు. ఆ పన్నుని ముందుకి తెచ్చి గైడు దాకా ఎంతుందో చూసేవాడు, అదే పన్నుని చేత్తో వెనక్కి తిప్పి మళ్ళీ చూసేవాడు. రెండూ ఒకటి కావాలి. అదేగా నువ్వూ చేస్తున్నది? ఊఁ, నువ్వు నేర్చుకున్నచోట మంచివాళ్ళే ఉన్నారు. మా ఆయన అక్కడినుంచి ఉడికిపోయేవాడు: 'ఒరేయ్, అది రంపమా గడియారమా? కొయ్యరా నాయనా, నాకు పని లేక చెయ్యి దురద పుడుతోంది.' ఇతను తలెత్తేవాడు కాదు. 'వెనక ఇరుకైతే చెక్క బ్లేడుకి ఒత్తుకుంటుంది. ఒత్తుకుంటే వెనక్కి తంతుంది. తన్నితే నా దురద తీరుతుందన్నయ్యా, నీది కాదు' అనేవాడు. బ్లేడు ఎత్తు కూడా అంతే, చెక్క మీద పన్ను పైకి తొంగిచూడాలి తప్ప బ్లేడు మొత్తం లేచి ఊరేగకూడదు. బ్లేడు వెనకాల నిలబడే ఆ రేకుందే, కోసిన చెక్క మళ్ళీ మూసుకుపోకుండా పట్టుకునేది, దాన్ని 'తోక' అనేవాడు. పైన మూతని 'టోపీ' అనేవాడు. పొద్దున్నే నాకు వినబడేది, 'తోకుందా, ఉంది. టోపీ ఉందా, ఉంది.' తనే అడిగి తనే చెప్పుకునేవాడు. తోపుడు కర్రలు తనే చేసుకునేవాడు, కొసకి చిన్న గాటు పెట్టి. సన్న ముక్క కోసేటప్పుడు వేలు దగ్గరికి పోకుండా దాంతో తొయ్యాలి. ఒకసారి నేనొకటి వంటింట్లోకి ఎత్తుకొచ్చాను, గాటు బాగుంది, వేడి మూతలు లేపుకోవచ్చని. ఇతను షెడ్డంతా వెతికి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. 'వదినా, నా చెయ్యొకటి నీ దగ్గరుంది, ఇచ్చెయ్యి' అన్నాడు. నేను హడలిపోయి కిందకి చూశాను, చేతులు రెండూ ఉన్నాయి. ఆ ఉంగరం తియ్యి. తియ్యి ముందు. తీసి ఇలా ఇవ్వు, నా దగ్గరుంటుంది. జడ పైకి ముడి వేసుకో. చేతులకి ఆ తొడుగులేంటి? ఓ, బ్లేడు పట్టుకోడానికేనా. నడిపేటప్పుడు మాత్రం వద్దు, బట్ట చిక్కితే చెయ్యి దాని వెనకే పోతుంది. తెలుసా? తెలిసినా నేను చెబుతాను. నాకు ఊరుకోవడం చేతకావడంలేదు ఇవాళ.

ఆ తలుపులో కన్నం చూసి నిన్న అడిగావు కదూ, చెదపురుగులా అని. చెద కాదు. అది మీ తాత తప్పు. జీవితంలో ఒక్కసారి తప్పాడు, ఆ తప్పు అక్కడ ఉండిపోయింది. కిటికీల కాంట్రాక్టరొకడు ఉండేవాడు, మనిషి నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉండేవాడు. ఆ రోజు మీ తాత గాడి కొయ్యడం కోసం తోకా టోపీ విప్పి పక్కన పెట్టుకున్నాడు. గాడి పని అయింది. ఇంతలో వీడొచ్చాడు, చంకలో ఓ పలక. మెలి తిరిగి, ఇంకా పచ్చిగా ఉంది. 'ఒక్కటే ముక్క మేస్త్రీ, బయట బండి ఆగి ఉంది మేస్త్రీ, నిలువునా ఒక్క కోత మేస్త్రీ.' మీ తాత తోక చేతిలోకి తీసుకున్నాడు కూడా, బిగిద్దామని. 'అబ్బా, మళ్ళీ అదంతా దేనికి' అన్నాడు వీడు. మరి ఏ కళనున్నాడో, తోక కింద పెట్టేశాడు. అయినా నోటికి అలవాటైన మాట వచ్చింది, 'పక్కకి' అన్నాడు. ఆ కాంట్రాక్టరు సణుక్కుంటూ పక్కకి జరిగాడు. పలక సగం లోపలికి పోయిందో లేదో, కోసిన చీలిక మూసుకుపోయి బ్లేడుని పట్టేసింది. నేను పెరట్లో ఉన్నాను. ఒక్క చప్పుడు. చూద్దునుగదా, మూసి ఉన్న తలుపులోంచి పలక సగం బయటికి పొడుచుకొచ్చి ఉంది. నా నడుం ఎత్తున. కాంట్రాక్టరు నవ్వాడు, 'హమ్మయ్య, బతికిపోయాం' అని. మీ తాత నవ్వలేదు. స్విచ్చి ఆపి, వైరు పీకి, పెట్టె మీద కూచుని తన చేతులకేసి చూసుకుంటూ ఉండిపోయాడు. ఆ రోజు ఇంక ఏమీ కొయ్యలేదు. మా ఆయన కన్నం పూడుస్తానంటే ఒంటికాలి మీద లేచాడు, 'వద్దు, అది అలాగే ఉండనీ, అది కనబడితేనే నాకు బుద్ధి ఉంటుంది' అని. అప్పుడు లోపల అడ్డగోడ ఉండేది కదా, బల్ల తిప్పుకునే చోటు లేదు, బ్లేడు వరస సూటిగా తలుపు మీదకే. అందుకని బయట నేల మీద తెల్లరంగుతో గీత గీశాడు. వెళ్ళి చూడు, కుండీ జరిపితే ఇప్పటికీ కనిపిస్తుంది. గీతకి అవతల ఎవరూ నిలబడకూడదు. కన్నంలోంచి లోపలికి తొంగి చూడకూడదు. కన్నుండేది సరిగ్గా బ్లేడు వరసలో కదా మరి.

ఆ గీత మీ అమ్మ కోసం గీశాడు. వేరే ఎవరి కోసం కాదు. మీ అమ్మమ్మకి పగలు ఆసుపత్రి, వంట నాది, అన్నం డబ్బా పట్టుకొచ్చేది మీ అమ్మ. అప్పటికి చిన్నది, ఆ కన్నం సరిగ్గా దాని కంటి ఎత్తున ఉండేది. పక్కన కూచోబెట్టుకుని చెప్పాడు దానికి, నేను వింటూనే ఉన్నాను. 'రంపం మోగుతుంటే నన్ను పిలవకూడదు, పిలిస్తే నేను తల తిప్పుతాను. తల తిప్పితే చెయ్యి ఎటు పోతుందో నాకు తెలీదు. మోత ఆగినా రాకూడదు, స్విచ్చి ఆపాక కూడా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది, చప్పుడు లేకుండా తిరుగుతుంది, అదే దొంగ. అది నిలబడిపోయాక నేనే పిలుస్తాను.' పిలిచేవాడు. 'ఆగింది, రా!' అని గట్టిగా. ఇది 'వస్తున్నా నాన్నా!' అని అరుస్తూ తలుపు తోసేది. రోజూ అదో ఆట వాళ్ళకి. ఒక్కోసారి కావాలని పిలవకుండా ఏడిపించేవాడు. ఇది గీతకి ఇవతల నిలబడి కాళ్ళు మార్చుకుంటూ మూతి ముడుచుకునేది. అప్పుడు సన్నగా 'ఆ...గిం...ది' అనేవాడు లోపలినుంచి. 'రా' అనేవాడు కాదు. ఇది తన్నుకుచచ్చేది, 'రా అను, రా అను' అని. వీధిలోవాళ్ళు కూడా నవ్వుకునేవాళ్ళు, పక్కకి మేస్త్రి కూతురికి బాగా తర్ఫీదు ఇచ్చాడని. అవును, బాగానే ఇచ్చాడు.

నీళ్ళు ఇలా ఇవ్వు. నాక్కాదు... సరే, నాకే. ఆ రోజు గొప్పగా ఏమీ లేదమ్మా. బడి బల్లలకి పలకలు కోస్తున్నాడు. మా ఆయన కొలతలకని బడికి వెళ్ళాడు. అన్నం వేళయింది, మీ అమ్మకి డబ్బా ఇచ్చి పంపాను. రంపం మోగుతూనే ఉంది, తర్వాత ఆగింది. నేను బట్టలు తెచ్చుకున్నాను, మడతలు పెట్టుకున్నాను. ఏదో పనిమీద పెరట్లోకి వస్తే ఇది షెడ్డు తలుపు పక్కన నిలబడి ఉంది. గీతకి ఇవతల, బుద్ధిగా. డబ్బా రెండు చేతులతో పట్టుకుని. కింద పెట్టలేదు, కిందంతా రంపపు పొట్టని. 'ఇంకా ఇక్కడున్నావేమే, అన్నం చల్లారిపోదూ?' అన్నాను. 'నాన్న ఇంకా రా అనలేదు పెద్దమ్మా' అంది. నవ్వుతూ అంది. ఏడిపిస్తున్నాడనుకుంది. ఆ తలుపులో కన్నం ఉంది, దాని కంటికి ఎదురుగా ఉంది, ఒక్కడుగు పక్కకి వేస్తే లోపల కనిపిస్తుంది. చూడలేదు. చూడకూడదని చెప్పాడు కదా. నేను తలుపు తోశాను. పెట్టె మీద కూచుని ఉన్నాడు, బల్ల కాలికి వీపు ఆనించి, తల ఓ పక్కకి. పక్కకే. గుండె. నొప్పి రాగానే చేతులు ఎత్తెయ్యలేదు, పిల్లా. అదిగో మోకాలికి తగిలేలా పలక బిగించాడు చూడు, మోకాలితో నొక్కితే మెషీను ఆగిపోయేట్టు, దాంతో ఆపాడు. పలక బల్ల మీదే ఉంది, సగం కోత, బ్లేడు అందులోనే నిలబడిపోయి ఉంది. అంటే బ్లేడు ఆగేదాకా పలక పట్టుకునే ఉన్నాడన్నమాట. వదిలేసి ఉంటే అది తలుపు మీదకి వచ్చేది. తలుపవతల ఎవరుంటారో తెలుసు కదా, అన్నం వేళ. ఆ తర్వాత వైరు పీకాడు. పీకిన కొస బల్ల మీద, కనబడేట్టు పెట్టాడు. తోకుంది, టోపీ ఉంది. అన్నీ చేశాడు. పిలవడానికే ఊపిరి చాల్లేదు.

వీధిలోవాళ్ళు ఎన్నన్నారో. 'అంత జాగ్రత్త మనిషి, చివరికి రంపమే మింగేసింది చూశారా.' ఏం మింగింది? బ్లేడు మీద చుక్క రక్తం లేదు. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. డాక్టరు మీ అమ్మని పక్కకి పిలిచి, 'నువ్వు అప్పుడే లోపలికి వెళ్ళినా ఏమీ ఉండేది కాదు తల్లీ' అని చెప్పాడు. నిజమో, పసిపిల్ల కదాని అన్నాడో. అది తలూపింది. దాని వేళ్ళ మీద డబ్బా కాడ ముద్రపడి ఎర్రగా ఉంది, నేను అదే చూస్తున్నాను. ఆ తర్వాత అది ఈ షెడ్డు గడప తొక్కలేదు. నీకు తెలియదా? ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చూశావా మీ అమ్మని ఇటువైపు? దండెం కూడా అటు మార్పించింది. దానికి మోతంటే భయమనుకుంటున్నావు నువ్వు. 'అమ్మా, చెవుల్లో దూది పెట్టుకో' అన్నావట పొద్దున. మోత కాదే పిచ్చిదానా. మోత ఆగితే దానికి భయం. నువ్వు స్నానానికి వెళ్తే నీళ్ళ చప్పుడు ఆగగానే వచ్చి తలుపు కొడుతుందా లేదా? 'ఉన్నావా?' అంటుంది. నువ్వు లోపలినుంచి 'ఎక్కడికి పోతానమ్మా, కాలవలోంచా?' అని విసుక్కుంటావు. నేను విన్లేదనుకున్నావా? విన్లేదులే, నీ మొహం చూసి తెలుసుకున్నాను. కుట్టుమిషను ఆపితే పలకరిస్తుంది. టీవీ ఆపితే పలకరిస్తుంది. ఫోను ఎత్తకపోతే మీ కాలేజీ వాచ్‌మన్‌కి చేసింది, నీ పరువు పోయిందని వారం రోజులు అలిగావు. ఏడవకు. ఇప్పుడు ఏడిస్తే కళ్ళు మసకలు కమ్ముతాయి, మసక కళ్ళతో రంపం దగ్గరికి పోకూడదు, అది కూడా మీ తాత మాటే. తుడుచుకో. అద్దాలు పెట్టుకో.

విను. బల్ల తిప్పేశావు కదా నువ్వు, బ్లేడు వరస గోడ మీదకి పెట్టావు. అంటే ఆ కన్నం ఇప్పుడు వరసలో లేదు. దానికి ఎదురుగా నిలబడితే ఏం కాదు కదా? ఖాయంగా కాదు కదా? నువ్వే చూడు మళ్ళీ ఓసారి, నాకు దారం పట్టి చూపించు. ఊఁ. సరే. ఆ పలక తీసుకో... కాదు, ఆగు, మేకులేమైనా ఉన్నాయా దాంట్లో? చేత్తో తడిమి చూశావా? తిన్నని అంచు గైడు వైపుకి పెట్టు. మోటారు పూర్తి వేగం అందుకునేదాకా చెక్క ఆనించకు. కింద రాలిన ముక్క బ్లేడు నిలబడేదాకా తియ్యకు, బంగారమైనా తియ్యకు. నీకు తెలుసనీ తెలుసు. ఆపాక... ఆపాక ఏం చెయ్యాలో నేను చెప్పను. నీకు నోరుంది. తలుపు వేసుకో. నన్ను లేపు, అటు వంటింటి మెట్టు దాకా దింపు. నేను ఇక్కడుంటే నువ్వు నాకేసి తల తిప్పుతావు.

ఇదేంటి, నువ్విక్కడున్నావా? ఎంతసేపయింది ఈ గుమ్మంలో నిలబడి? సరే, చెప్పకు. జరుగు, కూచోనీ నన్ను. వెళ్ళనీలే అమ్మాయ్, నీ కూతురే, దాన్ని లోపలికి వెళ్ళనీ. ఆ ప్లేటు కింద పెట్టు, తుడిచి తుడిచి అరగదీస్తున్నావు. తలుపు వేసుకుంది. బండివాడు ఎన్నింటికి వస్తానన్నాడు? రానీ, వస్తే అప్పుడు చూద్దాం. వద్దంటే పోతాడు, రమ్మంటే వస్తాడు, వాడిదేముంది. ఊఁ, మొదలుపెట్టింది చూడు. నాకు వినబడదు గానీ ఈ చేతికర్ర నేలకి ఆనిస్తే తెలుస్తుంది, అరచేతిలో జుమ్మంటోంది. అచ్చం అలాగే. కాదు, కొంచెం సన్నం, కొత్త మోటారు కదా. చెక్క ఆనించింది. నీకు వినబడుతోందా, ఏమైనా ఎగుడుదిగుడుగా ఉందా మోత? లేదా? ఒకే ధారగా ఉందా? అయితే బాగా తోస్తోంది. ఎక్కడికి? అమ్మాయ్, చెప్పులు... వెళ్ళు, వెళ్ళు. కుండీ జరుపు కాలితో. గీత కనబడుతోందా? ఇంక ఫర్వాలేదు దాటు, బల్ల తిప్పేసింది అది, కన్నం వరసలో లేదు, నేను దారం పట్టించి చూశాను. వంగు. ఇంకా వంగాలి, అప్పుడు నీ కంటికి సరిగ్గా ఉండేది, ఇప్పుడు నడుం దగ్గరికొచ్చింది. కనిపిస్తోందా? పక్కకే నిలబడిందా అది? ఎడం పక్కకి? చెప్పవే. తలూపు కనీసం. ఆఁ.

ఆగింది. కర్రలో ఆగిపోయింది. అమ్మాయ్, ఇటు తిరుగు, నీ మొహం నాకు కనబడాలి, నాకు వినబడదని తెలుసు కదా నీకు. ఇంకా తిరుగుతూ ఉంటుంది బ్లేడు. ఉండు. నిలబడనీ. ఇంకా నిలబడాలి కదా. ఏం చేస్తోంది లోపల? వైరు పీకుతోందా? ఏమైనా అందా? అందా లేదా? నాకెవరూ చెప్పరేం. ఇటు తిరగవే...

ఆ. నీ పెదాలు కదిలాయి. 'వస్తున్నా' అన్నావు కదూ. పూర్తిగా అన్నావు, చివర్న 'నాన్నా' కూడా, చూశాను నేను. తొయ్యి మరి. తలుపు లోపలికే తెరుచుకుంటుంది, మర్చిపోయావా, తొయ్యి.

ఇదిగో, స్టవ్వు మీద టీ పొంగిపోతోంది, ఎవరైనా వచ్చి దించండి. దాని ఉంగరం నా దగ్గరే ఉండిపోయింది.